లాతూరు వకీలు మిగిల్చిపోయిన లెక్క
(మన నేల, మన చరిత్ర – 17వ భాగం)

గత భాగాన్ని 1948 సెప్టెంబరు 17 సాయంత్రం దగ్గర ఆపాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ రోజు రేడియోలో మాట్లాడి పోరు ఆపుతున్నట్టు ప్రకటించాడు. మర్నాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. 1724లో మొదలైన ఆసఫ్‌జాహీల ఏలుబడి, భారత సైన్యం సరిహద్దు దాటిన అయిదు రోజులకు ముగిసింది.

ఆ అయిదు రోజుల మీద మనలో పెద్ద తగాదా లేదు. తగాదా అంతా ఆ రోజుల పేరు మీద, వాటికి కారకుడైన మనిషి పేరు మీద. ఏటా సెప్టెంబరు 17 వస్తే బోయినపల్లి మొదలు వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దాకా ఒకే పొద్దున వేర్వేరు సభలు జరుగుతాయి. ఒక సభలో అది విమోచనం, ఇంకో సభలో విలీనం, మరో సభలో సమైక్యత, ఎర్రజెండా కింద సాయుధ పోరాట వార్షికోత్సవం. వక్త ఎవరైనా, పార్టీ ఏదైనా ప్రసంగం మధ్యలో ఒక పేరు మాత్రం తప్పకుండా వస్తుంది. సయ్యద్ ఖాసిం రజ్వీ.

ఆ పేరును ఎవరు ఎందుకు తలుస్తున్నారు, దాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నారు అన్నది ఈ భాగం విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. రజ్వీ చేసిన నేరానికి సాక్ష్యం గట్టిగా ఉంది, దాన్ని పలచన చేయడానికి వీల్లేదు. ఆ నేరం ఆయనదీ, ఆయన్ని వాడుకున్న పాలకులదీ, ఆయన దళాలను తమ గడీల కాపలాకు పిలిపించుకున్న దొరలదీ. దాన్ని ఆయన మతం వాళ్లందరికీ పంచిపెట్టడం మన ప్రాంతపు పోరాటాన్నే తప్పుగా చదవడం.

రజ్వీ తెలంగాణ మనిషి కాదు. ఉత్తరాది నుంచి వచ్చినవాడు, అలీగఢ్‌లో లా చదివాడు, అప్పటి ఉస్మానాబాదు జిల్లాలోని లాతూరులో వకీలుగా స్థిరపడ్డాడు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనే సంస్థ 1927 నుంచి ఉంది. దానికి జనబలం తెచ్చింది రజ్వీ కాదు, బహదూర్ యార్ జంగ్. జాగీరును, బిరుదును వదులుకున్నవాడు, ఉర్దూలో గంటల తరబడి వేలమందిని కట్టిపడేసిన వక్త. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ సంవత్సరాల్లో ఆయన ఒక సిద్ధాంతాన్ని ఊరూరా చాటాడు. ఈ రాజ్యంలో సార్వభౌమాధికారం నిజాం ఒక్కడిది కాదు, ప్రతి ముస్లిందీ అన్నది దాని సారం. జనాభాలో దాదాపు ఎనిమిదో వంతు ఉన్నవాళ్లే ప్రభువులు, మిగతావాళ్లు ప్రజలు అని దాని అర్థం. రిక్షా తొక్కే పేద ముస్లింకు కూడా నువ్వే పాలకుడివి అని చెప్పిన సిద్ధాంతం అది. ఆ పేదవాడికి దానివల్ల గుంట భూమి రాలేదు, గౌరవం దక్కినట్టు మాత్రం అనిపించింది. దాని బలం అక్కడే ఉంది.

1944 జూన్‌లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా చనిపోయాడు. విషప్రయోగమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. రెండేళ్లు తిరిగేసరికి మజ్లిస్ పగ్గాలు రజ్వీ చేతికి వచ్చాయి. స్వచ్ఛంద సేవకులుగా మొదలైన రజాకార్లు ఆయన హయాంలో కవాతు చేసే దళాలయ్యారు, చేతికి తుపాకులు వచ్చాయి. లక్ష దాటిన లెక్కలు పుస్తకాల్లో కనిపిస్తాయి. వాళ్లలో ఎంతమందికి నిజంగా తుపాకీ ఉందో, ఎంతమంది బల్లెం, కత్తి పట్టుకుని నడిచారో ఊరిని బట్టి మారింది.

1947 అక్టోబరు 27 తెల్లవారుజామున హైదరాబాద్‌లో జరిగిన సంగతి రజ్వీ ఎంతవాడయ్యాడో చూపిస్తుంది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద సంతకానికి నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరాలి. ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఇళ్లను జనం చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఛత్తారీ రాజీనామా చేశాడు, మాంక్టన్ తప్పుకున్నాడు, కొద్ది వారాలకు మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. నవంబరు 29న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. నెల రోజుల ముందు అడ్డుకున్న కాగితానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా అధికారం ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో వచ్చింది. రాజు కోటలోనే ఉన్నాడు, మాట వీధిలోంచి వస్తోంది.

మన పల్లెల్లో

ఇక్కడ మనం మన జిల్లాకు రావాలి. రజాకార్ల కథను హైదరాబాద్ నుంచి చూస్తే హిందూ ముస్లిం తగాదాలాగే కనిపిస్తుంది. మానేరు ఒడ్డు నుంచి చూస్తే అట్లా కనిపించదు.

1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటన కింద మూడు పేర్లున్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఈ ముగ్గురిలో బద్దం ఎల్లారెడ్డిది మన గాలిపెల్లి, నేటి సిరిసిల్ల జిల్లా ఇల్లంతకుంట మండలం. మఖ్దూం మెదక్ జిల్లాలో పుట్టిన ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. మజ్లిస్ ప్రతి ముస్లింనూ ప్రభువు అన్న రోజుల్లోనే, ఒక ముస్లిం కవి గాలిపెల్లి రైతుబిడ్డతో కలిసి నిజాం మీద తిరగబడమని రాసి సంతకం పెట్టాడు. సెప్టెంబరు 17 సభల్లో ఈ మూడు పేర్లనూ కలిపి చదివేవాళ్లు తగ్గిపోయారు. రావి నారాయణరెడ్డి పేరు వినిపిస్తుంది, ఎల్లారెడ్డి పేరు మన దగ్గర వినిపిస్తుంది, మఖ్దూం పేరు జారిపోతుంది.

మరోవైపు చూడండి. 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్త దొడ్డి కొమరయ్యను చంపింది విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గూండాలు. ఆ తర్వాత దొరలు తమ భూముల కోసం, లెవీ ధాన్యం వసూళ్ల కోసం, సంఘం వాళ్లను పట్టించడం కోసం రజాకార్లను, నిజాం పోలీసులను పల్లెల మీదికి పిలిపించుకున్నారు. గడీలో వాళ్లకు భోజనాలు పెట్టించారు. లాయఖ్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకట్రామారెడ్డి ఉన్నాడు, దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు ఉన్నాడు. దొరల అహంకారానికి విసిగి, అగ్రవర్ణ కాంగ్రెస్ మీద నమ్మకం లేక నిజాం వైపు నిలబడ్డ దళిత నాయకుల బాధను ఒక్క మాటతో కొట్టేయలేం. గడీలో రజాకార్లకు అన్నం పెట్టించిన దొర సంగతి వేరు. ఆయన తన వతన్ కాపాడుకున్నాడు, సైనిక చర్య తర్వాత ఖద్దరు వేసుకుని మళ్లీ అదే ఊరికి వచ్చాడు. ఆయన గురించి విమోచన సభల్లో ఎవరూ మాట్లాడరు.

కరీంనగర్ ప్రాంతంలో ఆ కాలాన్ని ఒక్క మరణంతో గుర్తుపెట్టుకునేవాళ్లు ఎందరో. అనభేరి ప్రభాకర్‌రావుది పోలంపల్లి, దేశ్‌ముఖ్ కుటుంబం. తనది దొరల ఇల్లే అయినా దొరల మీద తిరగబడ్డారు. దళంతో ఊరూరా తిరిగి, పట్వారీల దగ్గరున్న దస్త్రాలు బయటికి తీయించి తగలబెట్టించారు. బాకీ కాగితం, వెట్టి లెక్క, పట్టా మార్పు, పేదవాణ్ణి కట్టిపడేసిన ప్రతి రాత ఆ దస్త్రాల్లోనే ఉండేది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్‌లో పోలీసులు, రజాకార్లు చుట్టుముట్టినప్పుడు ఆయన, సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరికొందరు సహచరులు కాల్పుల్లో చనిపోయారు. సైన్యం రావడానికి అప్పటికింకా ఆరు నెలలుంది.

ఆగస్టు 27న బైరాన్‌పల్లి. ఆ ఊరి జనం గ్రామరక్షణ దళం కట్టుకుని, బురుజు మీద నగారా పెట్టుకుని, నాటు తుపాకులతో, వడిసెలలతో అంతకుముందు దాడులను తిప్పికొట్టారు. ఆ రోజు మాత్రం నిజాం పోలీసులూ రజాకార్లూ పెద్ద బలంతో, ఫిరంగులతో వచ్చారు. బురుజు కూలింది. పట్టుబడ్డ మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. చనిపోయినవాళ్ల లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, వంద దరిదాపుల్లోనే. ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాల గురించి ఆ ఊళ్లో తరాల తరబడి గట్టిగా మాట్లాడుకోలేకపోయారు. రజ్వీ స్వయంగా ఆ రోజు అక్కడ లేడు. లేనంతమాత్రాన బాధ్యత పోదు. దళాన్ని పెంచింది ఆయన, ఊళ్లమీద పడితే అడిగేవాడు లేడన్న ధైర్యం ఇచ్చింది ఆయన.

కాచిగూడ రాత్రి

బైరాన్‌పల్లికి ఆరు రోజుల ముందు, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాద్ కాచిగూడలో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఆఫీసు ముగించుకుని ఇంటికి నడిచి వెళుతున్నారు. దుండగులు కాల్చారు, రాసే చేతిని నరికారు. వయసు ముప్పై లోపే. ఆయన చేసిన తప్పల్లా, రజాకార్ల దౌర్జన్యాలను రాయడం, భారత్‌లో చేరడమే హైదరాబాద్‌కు మేలని వాదించడం. రజాకార్లను రద్దు చేయాలని ఏడుగురు ముస్లిం పెద్దలు చేసిన ప్రకటనను కూడా ఆయన పత్రికలో వేశారు.

నేను ఈ హత్య దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆగాలి కూడా. రజ్వీని ముస్లింల నాయకుడు అనేవాళ్లకు, ఆ మాటనే ఇంకో ఉద్దేశంతో అనేవాళ్లకు షోయబుల్లాఖాన్ మృతదేహమే జవాబు. ఆ ఏడుగురు పెద్దలూ, షోయబుల్లాఖాన్, మఖ్దూం, వీళ్లంతా రజ్వీ ఎదురుగా నిలబడి, తమ సొంత బస్తీలో, తమ సొంత మసీదు దారిలో ప్రాణానికి తెగించి మాట్లాడినవాళ్లు. పల్లెలో రజాకారును ఎదిరించిన రైతుకు వెనక దళం ఉంది, చుట్టూ ఊరుంది. కాచిగూడ సందులో షోయబుల్లా పక్కన బావమరిది ఒక్కడే ఉన్నాడు, అతనూ గాయపడ్డాడు.

రజ్వీ ప్రసంగాల గురించి చాలా కథలున్నాయి. 1948 వసంతంలో ఆయన ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ పతాకం ఎగరేస్తామన్నాడని, బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయన్నాడని పత్రికల్లో వచ్చింది. ఆ ప్రసంగం కల్పితమని హైదరాబాద్ ప్రభుత్వం వాదించింది. ఆయన అన్నాడా లేదా అన్నది తేల్చకుండానే ఆయన గురించి తీర్పు ఇవ్వొచ్చు. మహ్మదాపూర్, బైరాన్‌పల్లి, కాచిగూడ ఉండగా ఎర్రకోట మాటలతో మనకు పనిలేదు.

కోర్టు ఏమంది

సైనిక చర్య మొదలయ్యేనాటికి రజ్వీ కలలు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో తెచ్చిన ఆయుధాలు చాలలేదు. జిన్నా సెప్టెంబరు 11న చనిపోయాడు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో హైదరాబాద్ ఫిర్యాదు 16న పారిస్‌లో చర్చకు వచ్చింది, మర్నాటికి ఫిర్యాదు చేసిన రాజ్యమే లేదు. సెప్టెంబరు 23న నిజాం మళ్లీ రేడియోలో మాట్లాడి తప్పంతా రజ్వీ మీద పెట్టాడు. ఒక చిన్న ముఠా హిట్లర్ పద్ధతుల్లో అధికారం లాక్కుని తనను నిస్సహాయుణ్ణి చేసిందన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది, చాలా తప్పించుకోవడం ఉంది. ముఠా బలపడిన ప్రతి మెట్టు దగ్గరా నిజాం మౌనంగా ఉండి లాభం చూసుకున్నాడు. ఆయన 1950 జనవరి 26న హైదరాబాద్ రాజప్రముఖ్ అయి, 1956లో రాష్ట్రం రద్దయ్యేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. గృహనిర్బంధంలో ఉన్న లాయఖ్ అలీ 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు.

రజ్వీని అరెస్టు చేశారు. చాలామంది వేల హత్యలకు శిక్ష పడిందనుకుంటారు. అసలు జరిగింది వేరు. షోయబుల్లాఖాన్ హత్య కేసులో ఆయన మీద శిక్ష నిలవలేదు. ఆయన్ని జైల్లో ఉంచింది బీబీనగర్ కేసు. 1948 జనవరిలో రైల్లో వెళుతున్న రజాకార్లు బీబీనగర్‌లో దిగి ఊరి మీద పడి కొట్టి దోచుకున్న ఉదంతం అది. ప్రత్యేక ట్రిబ్యునల్ వేసిన ఏడేళ్ల శిక్ష మీద ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. రాజ్యాంగం వచ్చాక కూడా ఆ ప్రత్యేక విచారణ చెల్లుతుందా, సమానత్వ హక్కుకు భంగం కాదా అన్నది ప్రశ్న. 1953లో మెజారిటీ న్యాయమూర్తులు అప్పీలు కొట్టేశారు. ఆయన కూల్చాలనుకున్న దేశపు రాజ్యాంగం కిందనే ఆయనకు ఆ ప్రశ్న అడిగే హక్కు దొరికిందన్నది గమనించాలి.

బైరాన్‌పల్లి మీద అట్లాంటి తీర్పు ఏదీ రాలేదు. అనభేరి దళం చావు మీద రాలేదు. మన ప్రాంతంలో ఆ కాలపు గాయం మానకపోవడానికి ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. కోర్టు ముందు సాక్ష్యం చెప్పుకోలేనివాళ్లు సభల్లో, బుర్రకథల్లో, ఇంటి అరుగుల మీద చెప్పుకున్నారు. అక్కడ సాక్ష్యానికి హద్దు ఉండదు. కొట్టినవాడి పేరు మరిచిపోతే వాడి మతం పేరు చెప్పడం మొదలవుతుంది.

1957లో రజ్వీ విడుదలయ్యాడు. మజ్లిస్‌ను అబ్దుల్ వాహెద్ ఒవైసీ అనే న్యాయవాదికి అప్పగించి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1970 జనవరిలో కరాచీలో చనిపోయాడు. అక్కడా ఆయన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

లాతూరు కట్టిన మూల్యం

ఆయన వెళ్లిపోయాడు. ఆయన ఊరు ఏమైంది?

సైనిక చర్య తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల నుంచి ఘోరమైన కబుర్లు రావడంతో నెహ్రూ పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక సద్భావన బృందాన్ని పంపారు. ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా అందులో ఉన్నారు. 1948 నవంబరు, డిసెంబరుల్లో వాళ్లు జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. అత్యంత ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడ్. రెండో వరసలో ఔరంగాబాద్, బీడ్‌లతో పాటు మన నల్లగొండ, మెదక్ కూడా ఉన్నాయి. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు, ఎక్కువమంది రజాకారు దళంతో సంబంధం లేనివాళ్లు. లాతూరులో చంపకం ఇరవై రోజులకు పైగా సాగిందని, పదివేల మంది ముస్లింలుండే ఊళ్లో తాము వెళ్లేసరికి మూడు వేల మందే మిగిలారని, వెయ్యి మందికి పైగా హతులయ్యారని అందులో ఉంది. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీల్లో పాల్గొన్నారని రాశారు. ఈ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది 2013లో.

రజ్వీ జైల్లో బతికే ఉన్నాడు. ఆయన పక్కింటివాళ్లు ఆయన బాకీ కట్టారు.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది, సిరిసిల్ల జిల్లా చదువరి దాన్ని గుండెకు హత్తుకోవాలి. ఒకే వృత్తి చేసేవాళ్ల మధ్య మమకారం మతాన్ని మించి కనిపించిందని, కొన్ని చోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను కాపాడారని, అందుకు తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని సుందర్‌లాల్ బృందం రాసింది. మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు అట్లా నిలబడ్డారు. సెప్టెంబరు 17న ఏ వేదిక మీదా ఈ సంగతి నేను వినలేదు.

ఇంకో బాకీ కమ్యూనిస్టుల వైపు మిగిలింది. రజాకార్లు పోయాక సైన్యం దళాల వైపు తిరిగింది. గడీ వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకాల వచ్చి, రైతులు దున్నుకుంటున్న భూములు తిరిగి లాక్కున్నారు. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించేనాటికి నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతాంగ వీరులు ప్రాణాలు కోల్పోయారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. 1952 ఎన్నికల్లో అదే బద్దం ఎల్లారెడ్డిని కరీంనగర్ జనం పార్లమెంటుకు పంపారు. ఆ ఓటు సైనిక చర్య మీద కోపమూ కాదు, నిజాం మీద ప్రేమా కాదు. భూమి కోసం కొట్లాడినవాణ్ణి గుర్తుపెట్టుకున్న ఓటు.

వారసులెవరు

ఇట్లా ఒక్క సెప్టెంబరు నుంచి అనేక వారసత్వాలు పుట్టాయి. కమ్యూనిస్టుల లెక్కలో అది అసంపూర్తి విప్లవం. స్టేట్ కాంగ్రెస్ వాళ్లది, స్వామి రామానంద తీర్థ సత్యాగ్రహం నుంచి పి.వి. నరసింహారావు పనిచేసిన చాందా శిబిరం దాకా, భారత్‌లో కలవడం అనే గెలుపు. ఆర్యసమాజం వాళ్లకు మతస్వేచ్ఛ. మన జిల్లాలోనే చెన్నమనేని అన్నదమ్ములను చూడండి. అన్న రాజేశ్వరరావు సాయుధ పోరాటంలో పాల్గొని, కమ్యూనిస్టుగా సిరిసిల్లకు ఎమ్మెల్యే అయ్యారు. తమ్ముడు విద్యాసాగర్‌రావు బీజేపీ నుంచి మెట్‌పల్లికి ఎమ్మెల్యేగా, కరీంనగర్‌కు ఎంపీగా గెలిచి, సెప్టెంబరు 17ను విమోచన దినంగా జరపాలని ఏళ్ల తరబడి ఉద్యమం నడిపారు. ఒకే ఇంట్లో విన్న కథ రెండు దారులు పట్టింది. ఇద్దరిలో ఎవరి నిజాయితీనీ నేను శంకించను.

ప్రభుత్వాల సంగతి మీకు తెలిసిందే. మహారాష్ట్ర, కర్ణాటక తమ పూర్వ నిజాం జిల్లాల్లో ఈ దినాన్ని ఎప్పటినుంచో జరుపుతున్నాయి. 2022లో కేంద్రం హైదరాబాద్ పరేడ్ మైదానంలో విమోచన దినం జరిపితే, రాష్ట్రం అదే రోజు జాతీయ సమైక్యతా దినం జరిపింది. సమైక్యత పేరు పెట్టాలని మజ్లిస్ అధ్యక్షుడు అసదుద్దీన్ ఒవైసీ కూడా లేఖ రాశారు. 2024లో కేంద్రం విమోచన దినాన్ని ఏటా జరపాలని నోటిఫై చేసింది, కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం చేసింది. అదే ఏడాది ‘రజాకార్’ సినిమా వచ్చింది.

మజ్లిస్ వాళ్లను రజ్వీ వారసులని నిందించేవాళ్లున్నారు. రజాకార్లు పాకిస్తాన్ పోయారు, దేశాన్ని ప్రేమించినవాళ్లం ఇక్కడే ఉన్నామన్నది ఆ పార్టీ జవాబు. పార్టీ పేరు అదే, నిర్మాణం వేరు. రాజ్యాంగం మీద ప్రమాణం చేసి ఎన్నికల్లో నిలబడుతోంది. 1957 తర్వాతి మజ్లిస్‌ను దాని పనుల మీద విమర్శించొచ్చు, గట్టిగానే. అయితే రజ్వీ హయాం గురించి ఆ పార్టీ ఒక్కసారి పూర్తి మనసుతో మాట్లాడి, బైరాన్‌పల్లి స్తూపం ముందు నిలబడి ఉంటే ఎంతో మేలు జరిగేదని నా బాధ. అట్లాగే విమోచనం అంటున్నవాళ్లు లాతూరు పేరు ఒక్కసారి ఎత్తి ఉంటే.

ఈ చిక్కు మనకొక్కళ్లకే లేదు. ఉక్రెయిన్‌లో స్తెపాన్ బందేరా అనే జాతీయవాద నాయకుడున్నాడు. 1909లో పుట్టాడు. 1941 జూన్ 30న, జర్మన్లు ల్వివ్ నగరంలోకి వచ్చినప్పుడు ఆయన అనుచరులు స్వతంత్ర ఉక్రెయిన్ ప్రకటించారు. హిట్లర్‌తో కలిసి నడుద్దామనుకున్నారు. హిట్లర్‌కు స్వతంత్ర ఉక్రెయిన్ అక్కరలేదు, బందేరాను పట్టుకెళ్లి జాక్సన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో 1944 దాకా ఉంచాడు. ఆయన జైల్లో ఉండగానే, 1943లో ఆయన పేరు చెప్పుకునే దళాలు వోలిన్ ప్రాంతంలో వేలకు వేల పోలిష్ గ్రామీణులను చంపాయి. 1959లో సోవియట్ గూఢచారి మ్యూనిక్‌లో సైనైడ్‌తో ఆయన్ని చంపాడు. పశ్చిమ ఉక్రెయిన్‌లో ఆయనకు విగ్రహాలున్నాయి. పోలండ్ పార్లమెంటు 2016లో వోలిన్ హత్యలను జాతిహననం అంది. 2010లో ఆయనకిచ్చిన ‘ఉక్రెయిన్ వీరుడు’ బిరుదును అక్కడి కోర్టే కొట్టేసింది. ఈ రోజు రష్యా తన దాడిని సమర్థించుకోవడానికి ఆయన పేరునే వాడుకుంటోంది, ఉక్రెయిన్ వాళ్లందరినీ బందేరా మనుషులనే అంటోంది.

రజ్వీకి మన దగ్గర ఎవరూ విగ్రహం పెట్టలేదు, పెట్టరు. పోలిక అక్కడ తెగిపోతుంది. చచ్చిపోయిన ఒక నాయకుడి పేరుతో బతికున్న జనం మొత్తాన్ని పిలవడంలో మాత్రం పోలిక పూర్తిగా సరిపోతుంది. మన చౌరస్తాల్లో పండ్లబండి నెట్టుకునే మనిషిని కోపమొచ్చి రజాకార్ అని తిట్టే నోళ్లను మీరూ వినే ఉంటారు. ఆ మనిషి తాత షోయబుల్లా మాట విన్నవాడై ఉండొచ్చు, సుందర్‌లాల్ నివేదికలోని నేతగాడి పక్కన మగ్గం నేసినవాడై ఉండొచ్చు.

చివరగా ఒక విన్నపం. బోయినపల్లి మండలంలో మాన్వాడ దగ్గర మధ్య మానేరు కట్టాక కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి నీళ్లలో మునిగాయి. గడీలు, బురుజులు, పీరీల కొట్టాలు, పంచాయితీ చావడులు అన్నీ పోయాయి. జనం పునరావాస కాలనీల్లో చెదిరిపోయారు. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. మీ ఇంట్లో, మీ వాడలో అట్లాంటి తాత, అమ్మమ్మ, దాదీ ఉంటే ఈ నెలలోనే కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. రజాకార్లు ఊరికి వచ్చినప్పుడు ఎవరు పిలిపించారు, ఎవరి గడీలో దిగారు, సైన్యం వచ్చాక ఎవరు ఎవరిని తమ ఇంట్లో దాచారు అని పేర్లతో సహా అడగండి. కొట్టినవాడి పేరూ దాచినవాడి పేరూ రెండూ రాసుకోండి, మతం పేరుతో సరిపెట్టుకోకండి. మీరు రాసి పంపినవాటిని ఈ ధారావాహికలో వేస్తాం. వచ్చే భాగంలో 1952 ఎన్నికలు, గాలిపెల్లి నుంచి పార్లమెంటు దాకా బద్దం ఎల్లారెడ్డి దారి.